బాలాపూర్ రోహింగ్యా కుటుంబాలకు మానసిక వైద్యం ఎందుకు అందడం లేదు? తెలిసినవాళ్ళు చెప్పండి

బడిపంతులమ్మ · సోమవారం రాత్రి 9:12

బాలాపూర్ వైపు ఒక ప్రభుత్వ బడిలో చెబుతున్నాను. బర్మా (మయన్మార్) నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాల పిల్లలు మా దగ్గర చాలామందే చదువుతున్నారు. వాళ్ళలో ఒక పిల్లాడు తరచుగా బడి మానేస్తున్నాడు. వాళ్ళమ్మకు బాగోలేదు, చంటిబిడ్డను వాడే చూసుకుంటున్నాడు. (కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు కావాలనే మార్చి రాస్తున్నాను.) ఆవిడకు రాత్రిళ్ళు నిద్ర లేదు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడి లేస్తుంది. పగలు పొయ్యి వెలిగించే ఓపిక కూడా లేక పడుకునే ఉంటుంది. ఏమైందని అడిగితే ఒళ్ళంతా మంటలు, గుండె మీద బరువు అంటుందట. గల్లీ చివర ఆర్‌ఎంపీ డాక్టర్ దగ్గర ఇంజెక్షన్లు, నిద్ర బిళ్ళలు నడుస్తున్నాయి.

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని పిల్లాడి తండ్రితో అన్నాను. తుక్కు ఏరి అమ్ముకునే మనిషి. "ఆధార్ అడుగుతారు మేడమ్, మా దగ్గర యూఎన్ కార్డే ఉంది" అన్నాడు. (ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే గుర్తింపు కార్డు అది.) ఇంకోసారి అడిగితే "ఇది డాక్టర్ల జబ్బు కాదు" అన్నాడు.

ఆధార్ ఒక్కటేనా అడ్డం? ఇంకా ఏమున్నాయి? ఆవిడను నిజంగా ఒక డాక్టర్ ముందు కూర్చోబెట్టాలంటే ఏం చెయ్యాలి? వీళ్ళు ఇక్కడ ఉండాలా వద్దా అన్న వాదన దయచేసి ఈ చర్చలోకి తేవద్దు.

పాతబస్తీ · సోమవారం రాత్రి 10:05

మేడమ్, నేను ఆ క్యాంపుల్లో అప్పుడప్పుడు రేషన్ పంచే వాళ్ళతో తిరుగుతుంటాను. రాయల్ కాలనీ, షాహీన్ నగర్ వైపు కూడా పోతుంటాను. మీరు చెప్పిన లాంటి ఇల్లు ప్రతి గల్లీలో ఒకటన్నా ఉంటుంది.

ఆధార్ మొదటి గోడ. దాని వెనకాల ఇంకా చాలా ఉన్నాయి. ఆ ఇంట్లో ఆయన రోజు కూలి లేకుండా ఆసుపత్రికి రాలేడు. పొద్దున పోయి ఓపీ చీటీ తీసుకుని, డాక్టర్‌ను చూసి, మందుల లైన్లో నిలబడి ఇంటికొచ్చేసరికి ఆ రోజు సంపాదన పోయినట్టే. ఆవిడ ఒంటరిగా బస్సెక్కదు. ఎక్కినా కౌంటర్లో మాట్లాడలేదు. మగవాళ్ళు పనుల్లో తిరిగి ఉర్దూ నేర్చుకున్నారు, పిల్లలు మీ బడిలో తెలుగు కూడా నేర్చుకున్నారు. ఆడవాళ్ళు గుడిసె దాటరు కాబట్టి చాలామందికి రోహింగ్యా భాష తప్ప ఇంకోటి రాదు. అది చిట్టగాంగు వైపు యాసకు దగ్గర. మన దగ్గర ఉర్దూ తెలిసిన నర్సుకు కూడా సగం అర్థం కాదు.

మరి ఆర్‌ఎంపీ దగ్గరికి ఎందుకు పోతారంటే, ఆయన కార్డు అడగడు. రాత్రి పదకొండుకు తలుపు కొట్టినా తీస్తాడు. డబ్బులు శుక్రవారం ఇస్తామంటే ఒప్పుకుంటాడు. ఇన్నేళ్ళలో వాళ్ళను మనిషిలా పలకరించినవాళ్ళలో ఆయన ఒకడు. ఆయన ఇచ్చే మందు సరైందని నేను అనడం లేదు. ఆయన దగ్గరికి పోవడానికి కారణం మాత్రం ఇదే.

"డాక్టర్ల జబ్బు కాదు" అన్న మాటకూ అర్థముంది. జిన్ను పట్టిందనో, ఎవరో చేయించారనో అనుకుంటారు. తావీజు కట్టిస్తారు, దమ్ (మంత్రించి ఊదడం) చేయిస్తారు. దాన్ని ఎగతాళి చేస్తే మాత్రం ఆ ఇంటి తలుపు మనకు మళ్ళీ తెరుచుకోదు.

మందుచీటీ · సోమవారం రాత్రి 11:20

సైకియాట్రీలో పనిచేస్తున్నాను. ఆవిడను చూడకుండా ఇదీ జబ్బు అని చెప్పను. కానీ మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే డాక్టర్‌కు చూపించడం ఆలస్యం చేయకూడదు.

ఓపీలో ఏం జరుగుతుందో లోపలి నుంచి చెబుతాను. ఆవిడ వచ్చి "ఒళ్ళు మంటలు, గుండె బరువు" అంటుంది. మన ఊళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళు కూడా దిగులును ఇలాగే చెబుతారు. ఆ మాట వినగానే జనరల్ మెడిసిన్‌కు పంపిస్తారు. ఈసీజీ, రక్తపరీక్షలు, థైరాయిడ్. రిపోర్టులు నార్మల్ వస్తాయి. "నీకేం లేదమ్మా" అని బలం బిళ్ళలు రాసి పంపిస్తారు. అంత కష్టపడి వచ్చిన మనిషి ఆ మాట విని వెళ్ళాక మళ్ళీ రాదు. సైకియాట్రీ వరకు చేరినా, రద్దీ రోజున ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు దొరికితే గొప్ప. నిద్ర ఎందుకు పట్టడం లేదో చెప్పడానికి ఆవిడకు ముందు నమ్మకం కుదరాలి, తర్వాత భాష కావాలి. ఐదు నిమిషాల్లో రెండూ కుదరవు.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. దయచేసి ఆ పిల్లాడిని మధ్యలో దుబాసీగా పెట్టకండి. నా ముందు ఒకసారి పదేళ్ళ పిల్ల కూర్చుంది, వాళ్ళమ్మ మాటలు ఉర్దూలోకి మార్చి చెబుతోంది. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని నేను అడగాలి. ఆ పిల్ల నోటితో ఎలా అడిగించను? అత్యాచారం లాంటిది జరిగి ఉంటే ఏ తల్లి బిడ్డ ద్వారా చెబుతుంది? భర్త పక్కనున్నా అంతే. ఆడమనిషే కావాలి, ఇంట్లో మనిషి కాకూడదు.

నిద్ర బిళ్ళల గురించి: చాలాకాలంగా రోజూ వేసుకుంటుంటే వాటిని ఒక్కసారిగా ఆపేయవద్దు. ఫిట్స్ కూడా రావచ్చు. ఆ బిళ్ళల అట్ట డాక్టర్‌కు చూపించండి, మెల్లగా తగ్గిస్తారు.

సామాన్యుడు_నల్గొండ · మంగళవారం ఉదయం 6:48

మేడమ్ వద్దన్నారు కాబట్టి ఉండాలా పోవాలా అన్నదాంట్లోకి పోను. కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా బావమరిదికి మతి సరిగా లేక మేము ఊరూరా తిరిగాం. ఒక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోతే రేషన్ కార్డు జిరాక్స్ లేదని కౌంటర్ నుంచే తిప్పి పంపారు. జిల్లాలో ఎక్కడ చూపించాలో చెప్పేవాడు లేడు. ఆఖరికి పొలం అమ్మి ప్రైవేటులో చూపించాం. ఇక్కడ పుట్టి పెరిగిన మాకే దిక్కులేదు. ఉన్న ఆ కొద్దిమంది డాక్టర్ల టైం కూడా బయటి నుంచి వచ్చినవాళ్ళకు పోతే మా గతేంటి? కోపంతో అనడం లేదు, బాధతో అంటున్నాను.

మందుచీటీ · మంగళవారం ఉదయం 8:15

అన్నా, మీ బాధలో అబద్ధం లేదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో దాదాపు 15 కోట్ల మందికి మానసిక వైద్యం అవసరం. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి అది అందడం లేదు. డాక్టర్లు చాలరు, ఉన్నవాళ్ళు పట్నాల్లో ఉంటారు.

కానీ హైదరాబాద్‌లో ఉన్న రోహింగ్యాలు ఆరేడు వేలకు మించరని వార్తల్లో వచ్చే అంచనా. అంతమందిలో ఓపీ దాకా వచ్చేది ఎందరు? మీ బావమరిదికి దొరకని డాక్టర్ వీళ్ళ దగ్గర కూర్చుని లేడు, అసలు ఆ పోస్టు ఖాళీగా ఉంది.

నల్లకోటు · మంగళవారం ఉదయం 11:30

హైకోర్టులో ప్రాక్టీస్ చేస్తాను. చట్టం ఏం చెబుతుందో రాస్తాను, కౌంటర్ దగ్గర పనికొస్తుంది.

శరణార్థులపై 1951లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం మీద భారతదేశం సంతకం చేయలేదు. 1967 ప్రోటోకాల్ మీదా చేయలేదు. శరణార్థుల కోసం మనకు ప్రత్యేక చట్టం కూడా లేదు. అందుకే యూఎన్ కార్డును ఒక ఆఫీసులో గుర్తిస్తారు, ఇంకో ఆఫీసులో పక్కన పడేస్తారు. ఆధార్, రేషన్ కార్డు లేవు కాబట్టి ఆరోగ్యశ్రీ వర్తించదు. ఇంతవరకు ఆ తండ్రి చెప్పింది నిజమే.

కానీ మానసిక వైద్యానికి విడిగా ఒక చట్టం ఉంది, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2018 మే నుంచి అమల్లో ఉంది. దాని 18వ సెక్షన్ ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే చోట మానసిక వైద్యం పొందే హక్కు "ప్రతి వ్యక్తికీ" ఉందంటుంది. పౌరుడు అన్న మాట అక్కడ లేదు. అదే సెక్షన్లో ఏడో క్లాజు: దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు, చేతిలో కార్డు ఉన్నా లేకపోయినా, అలాగే నిరాశ్రయులకు, ఇల్లు లేనివాళ్ళకు వైద్యం పూర్తిగా ఉచితం. ఈ క్లాజు సంగతి చాలా ఆసుపత్రుల సిబ్బందికి తెలియదు. ప్రింటు తీసి తీసుకెళ్ళండి. గొడవ పడకుండా, రిజిస్ట్రేషన్ దగ్గర ఒప్పుకోకపోతే డ్యూటీ మెడికల్ ఆఫీసర్‌కు చూపించండి.

రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం కూడా పౌరులకే పరిమితం కాదు. అరుణాచల్‌లోని చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు 1996లో ఈ మాట స్పష్టంగా చెప్పింది.

ఒక జాగ్రత్త. 2025లో వచ్చిన వలసలు, విదేశీయుల చట్టం ప్రకారం విదేశీయులను ఇన్‌పేషెంట్‌గా చేర్చుకుంటే ఆసుపత్రి అధికారులకు సమాచారం ఇవ్వాలి. ఇది ఆసుపత్రిలో చేరి వైద్యం పొందేవారి విషయం. అడ్మిట్ చెయ్యాలి అన్న మాట వినగానే ఆ కుటుంబం వెనక్కి పోతే కారణం ఇది కావచ్చు. దాచకుండా ముందే చెప్పి, వాళ్ళు తెలిసి నిర్ణయించుకునేలా చూడండి.

బడిపంతులమ్మ · మంగళవారం సాయంత్రం 5:40

అందరికీ ధన్యవాదాలు. సామాన్యుడు గారూ, మీరు రాసింది చదివి చాలా బాధ కలిగింది. మీ బావమరిది ఇప్పుడు ఎలా ఉన్నారు?

ఇవాళ మధ్యాహ్నం ఆ ఇంటికి వెళ్ళి చట్టం సంగతి చెప్పాను. ఆయన విన్నాడు. "చట్టం మీ దగ్గర ఉంది మేడమ్, పోలీసు మా దగ్గర ఉంటాడు" అన్నాడు. కౌంటర్లో పేరు రాయించుకుంటే ఆ పేరు ఎక్కడికి పోతుందోనని ఆయన భయం. ఏమని ధైర్యం చెప్పాలో నాకు తెలియలేదు.

పాతబస్తీ · మంగళవారం రాత్రి 9:30

ఆ భయం ఊరికే వచ్చింది కాదు మేడమ్. 1982లో బర్మా ప్రభుత్వం తెచ్చిన పౌరసత్వ చట్టంతో వీళ్ళు సొంత ఊళ్ళోనే పరాయివాళ్ళయ్యారు. అక్కడ కుటుంబంలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడానికి అధికారి వస్తే, లిస్టులో లేని మనిషి ఇంట్లో ఉండకూడదు, ఉన్న మనిషి లేకపోకూడదు. కాగితం మీద పేరు ఎక్కడమంటే వీళ్ళకు చిన్నప్పటి నుంచి ప్రమాదమే. ఇక్కడున్న వాళ్ళలో చాలామంది 2012 అల్లర్ల తర్వాత వచ్చారు. 2017 ఆగస్టు 25 తర్వాత అక్కడి ఊళ్ళు తగలబడి ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయినప్పుడు, ఇక్కడ ఫోన్లలో ఆ వీడియోలు చూస్తూ తమవాళ్ళ మొహాలు వెతుక్కున్నారు.

ఇప్పుడు తాజా భయం. 2025 మేలో ఢిల్లీలో కొంతమంది రోహింగ్యాలను పట్టుకెళ్ళి అండమాన్ సముద్రంలో దింపేశారని వార్తలొచ్చాయి. మయన్మార్ వ్యవహారాలు చూసే ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి దానిపై విచారణ మొదలుపెట్టారు. ఆ వార్త తర్వాత ఇక్కడ గుడిసెల్లో చాలామంది రాత్రిళ్ళు చెప్పులు తలాపునే పెట్టుకుని పడుకున్నారు. యూఎన్ కార్డు గడువు అయిపోవస్తుంటే ఇంకో టెన్షన్. యూఎన్ ఆఫీసులు ఉన్నది ఢిల్లీలో, చెన్నైలో. హైదరాబాద్‌లో వాళ్ళ తరఫున పనిచేసే సంస్థలు ఉంటాయి కానీ కార్డు తేలేది అక్కడే.

ఒకసారి నేనే ఒక ముసలాయన్ను తీసుకుని ఒక ఆసుపత్రికి పోయాను. (పేరు రాయను.) కౌంటర్లో ఉన్న ఆయన యూఎన్ కార్డు పట్టుకుని "ఇదేం కార్డు, పాకిస్తాన్‌దా?" అని లైన్లో అందరికీ వినపడేటట్టు అడిగాడు. ముసలాయన కార్డు లాక్కుని బయటికి నడిచాడు. ఎంత బతిమాలినా మళ్ళీ లోపలికి రాలేదు. ఆయనకు మందు లేక కాదు, ఆ ఒక్క మాటకు వైద్యం ఆగిపోయింది.

మందుచీటీ · మంగళవారం రాత్రి 10:50

పాతబస్తీ భాయ్ రాసింది వైద్యపరంగా కూడా ముఖ్యం. పుస్తకాల్లో చెప్పే జబ్బు ఎప్పుడో జరిగిపోయిన దారుణం తర్వాత వచ్చేది. ఇక్కడ అది జరిగిపోలేదు, నడుస్తోంది. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడే మనిషితో "నువ్విప్పుడు క్షేమంగా ఉన్నావు, భయపడకు" అని మేం చెప్పడం మామూలు పద్ధతి. ఆవిడకు అది అబద్ధం అవుతుంది. అందుకని ఆ భయమంతా జబ్బు అని చీటీ మీద రాసేయడం తప్పు. భయంలో జబ్బు ఎంత, సహజమైనది ఎంత అని విడదీయడం కష్టమైన పని.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం యుద్ధాలు, ఘర్షణలు చూసిన జనాభాలో సుమారు 22 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంటుంది. అంటే మిగతా ముప్పావు మందికి పైగా రుగ్మత లేదు. వాళ్ళకు దుఃఖం ఉంటుంది, దానికి మందు అక్కర్లేదు. ఆ 22 శాతాన్ని వెతికి పట్టుకోవడం మా పని. ఆవిడ తిండి, నిద్ర, చంటిబిడ్డ పని అన్నీ ఆగిపోయాయి కాబట్టే డాక్టర్‌కు చూపించమంటున్నాను.

భద్రాద్రి_నర్సు · బుధవారం మధ్యాహ్నం 2:10

ఏజెన్సీలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తాను. మీ చర్చ చదువుతుంటే మా దగ్గరి గుత్తికోయ గిరిజనులు గుర్తొచ్చారు. వాళ్ళు దేశం దాటలేదు కాబట్టి శరణార్థులు అనరు. కానీ 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి అడవి దాటి ఖమ్మం, వరంగల్ వైపు వచ్చి పడ్డారు. సల్వాజుడుం కింద గిరిజనుల చేతికే తుపాకులివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. వచ్చినవాళ్ళు వెనక్కి పోలేదు. అక్కడ ఎస్టీలు, ఇక్కడ ఆ సర్టిఫికెట్ చెల్లదు. పోడు కొట్టుకున్న చోట ఫారెస్టు వాళ్ళు వచ్చి గుడిసెలు పీకేస్తే ఇంకో చోటికి జరుగుతారు.

నేను వెళ్ళే ఒక గుంపులో (వాళ్ళ గూడేన్ని అలా అంటారు) ఒకామె ఉంది. పిల్లాడు పోయినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడదు. వడ్డె (వాళ్ళ పూజారి) చేత పూజ చేయించారు, కోడిని కోశారు. వద్దని నేను అనలేదు. ఆ పూజ రోజున గుంపంతా ఆమె చుట్టూ కూర్చున్నారు, నేను తీసుకెళ్ళే ఏ బిళ్ళా ఆ పని చేయలేదు. మందు కూడా అవసరమైంది, జిల్లా ఆసుపత్రిలో రాయించాం. తర్వాతి నెల మందు ఇవ్వడానికి వెళ్తే గుంపు అక్కడ లేదు. గుడిసెలు పీకేశారట, ఎటు పోయారో పక్క ఊరివాళ్ళకూ తెలియదు. మా రిజిస్టర్లో "మందు మానేసిన కేసు" అని రాయాలి. ఆమె మానేయలేదు. మేమే ఆమెను వెతకలేకపోయాం.

బాలాపూర్‌లో కూడా అద్దె పెరిగిందనో, ఖాళీ చేయమన్నారనో కుటుంబాలు గుడిసెలు మారుతుంటాయి కదా. మొదటి రోజే ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకోండి టీచరమ్మా. ఆయనది ఒకటి, పక్కింటి మనిషిది ఒకటి.

కొలంబస్_తెలుగు · బుధవారం రాత్రి 8:25

నేను అమెరికాలో ఒహాయోలో ఉంటాను, ఒక క్లినిక్‌లో సోషల్ వర్కర్‌ని. కార్డు, చట్టం, దుబాసీ అన్నీ ఉన్న చోట ఎలా ఉందో చెప్తే మీకు పనికొస్తుందేమో.

మా కొలంబస్‌లో భూటాన్ నుంచి వెళ్ళగొట్టిన నేపాలీ కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. 1990 ప్రాంతంలో భూటాన్ వదిలి, తూర్పు నేపాల్ క్యాంపుల్లో దాదాపు ఇరవై ఏళ్ళు గడిపి, 2008 నుంచి ఇక్కడికి వచ్చారు. 2009-2012 మధ్య వాళ్ళలో ఆత్మహత్యలు పెరుగుతుంటే అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ విచారణ చేసింది. అప్పటికి 16 మంది చనిపోయారు. లక్ష మందికి 24.4 లెక్క తేలింది, దేశం మొత్తం మీద అది 12.4. అంటే క్యాంపు నుంచి బయటపడి, ఇల్లు, ఉద్యోగం దొరికిన చోట రెట్టింపు.

ఇక్కడ దుబాసీని ఇవ్వాలని చట్టం ఉంది, ఇస్తారు కూడా. కానీ అపాయింట్‌మెంట్ ఉత్తరం ఇంగ్లీషులో పోస్టులో వస్తుంది. ఫోన్ చేస్తే మిషన్ మాట్లాడుతుంది. ఆ రెండు దాటాక దుబాసీ వస్తాడు, తీరా చూస్తే అతను వాళ్ళ గుడి కమిటీ సభ్యుడు. ఊరు చిన్నది, అందరూ చుట్టాలే. ఇక ఆ పెద్దావిడ నోరు విప్పదు. వేరే రాష్ట్రంలో కూర్చున్న దుబాసీని ఫోన్లో పెట్టడం మొదలుపెట్టాక కొంతమంది మాట్లాడారు. కాబట్టి భాష తెలిసిన మనిషి దొరికితే చాలనుకోకండి. ఆ మనిషి ఎవరి చుట్టం, ఎవరింటి పక్కన ఉంటారు, ఇవి కూడా చూడాలి.

కొత్తగా వచ్చిన శరణార్థులకు ప్రత్యేకంగా ఇచ్చే వైద్య సాయం 2025 మే నుంచి పన్నెండు నెలల బదులు నాలుగు నెలలకు తగ్గించారు. నాలుగు నెలల్లో వాళ్ళకు బస్సు రూట్లు తెలుస్తాయి. మనసులో ఉన్నది బయటికి రావడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. అదే ఏడాది ఇక్కడి భూటాన్ శరణార్థుల్లో కొందరిని తిరిగి భూటాన్‌కు పంపేశారు. అప్పటి నుంచి మా క్లినిక్‌కు మామూలుగా వచ్చేవాళ్ళు కూడా కొందరు రావడం మానేశారు. హైదరాబాద్ తండ్రి చెప్పిన మాట నేను ఇక్కడ నేపాలీలో వింటున్నాను.

సామాన్యుడు_నల్గొండ · బుధవారం రాత్రి 9:50

టీచరమ్మా, మా బావమరిది ఇప్పుడు పర్వాలేదు, మందులు వాడుతున్నాడు. అడిగినందుకు సంతోషం.

లాయర్ గారూ, కార్డు ఉన్నా లేకపోయినా ఉచితం అని రాశారు కదా, అది మాలాంటి వాళ్ళకు కూడా వర్తిస్తుందా? మమ్మల్ని రేషన్ కార్డు జిరాక్స్ లేదని పంపేశారు.

నల్లకోటు · బుధవారం రాత్రి 10:15

దారిద్ర్యరేఖకు దిగువన ఉంటే తప్పకుండా వర్తిస్తుంది. మీ వాళ్ళను అలా తిప్పి పంపకూడదు. అలా జరిగితే ముందు ఆసుపత్రి ఇన్‌చార్జికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. అక్కడ న్యాయం జరగకపోతే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు వెళ్ళవచ్చు. ఈ చట్టం కిందే ఉచిత న్యాయసహాయం హక్కు కూడా ఉంది, 27వ సెక్షన్. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. వచ్చేసారి మందులకు వెళ్ళేటప్పుడు 18వ సెక్షన్ ప్రింటు మీరూ దగ్గర పెట్టుకోండి.

సామాన్యుడు_నల్గొండ · బుధవారం రాత్రి 10:22

ప్రింటు తీసుకుంటాను. ఇది ముందే తెలిసుంటే పొలం ఉండేది.

మందుచీటీ · గురువారం ఉదయం 7:30

ఆసుపత్రి బయట చేయగలిగింది కూడా కొంత ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఒక పద్ధతిలో డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఐదు వారాలు వారానికి ఒక్కసారి కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. ఊపిరి నెమ్మదించడం, చేతికందే ఒక చిన్న సమస్యను విడదీసి పట్టుకోవడం, ఆపేసిన పనులు మెల్లగా మొదలుపెట్టడం, అండగా ఉండే మనుషులను మళ్ళీ దగ్గర చేసుకోవడం నేర్పిస్తారు. పాకిస్తాన్‌లోని పెషావర్‌లో దీన్ని పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు, దిగులు, ఆందోళన బాగా తగ్గాయి. రోహింగ్యా ఆడవాళ్ళకే ఇక్కడ ఇలాంటి శిక్షణ ఇస్తే భాష, దూరం, కూలి నష్టం మూడూ ఒకేసారి తగ్గుతాయి.

ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగు, హిందీతో కలిపి 20 భాషల్లో మాట్లాడతారు. రోహింగ్యా భాష అందులో లేదు. అయినా మేడమ్ గానీ, కొంత హిందీ వచ్చిన తండ్రి గానీ ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

పాతబస్తీ · గురువారం ఉదయం 9:05

డాక్టర్ సాబ్, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. అద్దె కట్టలేని మనిషికి ఊపిరి పీల్చడం నేర్పితే ఏమవుతుంది? శిక్షణ ఇచ్చిన ఆడవాళ్ళకు జీతం ఎవరిస్తారు? ఎన్జీవో ప్రాజెక్టు ఏడాదికి వస్తుంది, ఫోటోలు తీసుకుంటారు, నిధులు ఆగిపోతే పోతారు. ఆ ఏడాదిలో పదిమంది ఏడుపు విన్న ఆడమనిషి ఏడుపు వినేవాళ్ళెవరు? ఆమె కూడా ఆ ఊళ్ళ నుంచే వచ్చింది కదా. చేస్తే జీతమిచ్చి, ఆమెకు కూడా ఒక పెద్ద దిక్కును పెట్టి చెయ్యాలి. లేకపోతే వద్దు.

మందుచీటీ · గురువారం ఉదయం 9:40

జీతం గురించి మీరన్నది నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. శిక్షణ ఇచ్చేవాళ్ళు ప్రతివారం ఆమెతో కూర్చోవడం ఆ పద్ధతిలోనే భాగం, ఖర్చు తగ్గించాలని మొదట కోసేసేది కూడా దాన్నే. అద్దె గురించి మాత్రం ఒప్పుకోను. అద్దె సమస్య తీరేదాకా ఆవిడ నిద్ర కోసం ఆగలేం. నిద్ర పట్టిన మనిషి అద్దె గురించి ఆలోచించగలదు.

బడిపంతులమ్మ · గురువారం సాయంత్రం 6:15

నిన్న సాయంత్రం మా ఆయా తోడుగా వెళ్ళి ఆవిడ దగ్గర కాసేపు కూర్చున్నాను. బిడ్డకు నాలుగో నెల అట. ఇదంతా కాన్పు తర్వాత ఇంకా ఎక్కువైందని పక్కింటావిడ సైగలతో, కొంచెం ఉర్దూతో చెప్పింది. డాక్టర్ గారూ, పాలిచ్చే తల్లి మందులు వాడవచ్చా? తండ్రి అడుగుతున్న మొదటి ప్రశ్న ఇదే. ఎక్కడికి తీసుకెళ్ళాలి, ఎర్రగడ్డకేనా? ఆ పేరు చెబితే ఆయన ముఖం మారిపోయింది. ఎర్రగడ్డ అంటే పిచ్చాసుపత్రి అని ఇక్కడ వాళ్ళకు కూడా ఎవరో చెప్పేశారు.

మందుచీటీ · గురువారం రాత్రి 8:00

కాన్పు తర్వాత అన్నారు కాబట్టి ఇక వాయిదా వేయకండి. పాలిచ్చే తల్లులకు ఇవ్వదగ్గ మందులు ఉన్నాయి. బిడ్డ వయసు, పాలు ఇస్తున్న సంగతి డాక్టర్‌కు మొదటే చెప్పాలి. సొంతంగా పాలు మాన్పించవద్దు. మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మూడు రోజులకే గుణం కనపడలేదని ఆపేస్తారు కాబట్టి ఇది తండ్రికి విడమరచి చెప్పండి.

తనకు గానీ బిడ్డకు గానీ హాని చేసుకోవాలన్న మాట ఆవిడ నోట వచ్చినా, లేని మనుషులతో మాట్లాడుతున్నా, రోజుల తరబడి అసలు నిద్రే లేకపోయినా ఓపీ టైం కోసం చూడకండి. ఏ వేళైనా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి, బిడ్డను ఒంటరిగా ఆవిడ దగ్గర వదలకండి.

ఎర్రగడ్డకే వెళ్ళాలని లేదు. ఉస్మానియా, గాంధీ జనరల్ ఆసుపత్రుల్లో కూడా సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. అక్కడికి వెళ్తే కాన్పు తర్వాత చెకప్‌కు పోతున్నామని ఇరుగుపొరుగుకు చెప్పుకోవచ్చు. అది అబద్ధం కూడా కాదు.

నల్లకోటు · గురువారం రాత్రి 8:35

ఒక తెల్లకాగితం మీద ఆవిడ తన తరఫున ఎవరు మాట్లాడాలో రాసి సంతకమో వేలిముద్రో వేయవచ్చు. చట్టంలో దీన్ని నామినేటెడ్ ప్రతినిధి అంటారు, 14వ సెక్షన్. రక్తసంబంధీకులే కావాలని లేదు, మేజర్ అయి ఆ బాధ్యతకు ఒప్పుకుంటే చాలు. ఆవిడకు ఇష్టమైతే మీ పేరు కూడా రాయవచ్చు మేడమ్. భర్త కూలికి పోయిన రోజున మీరు తీసుకెళ్ళినా ఆసుపత్రి మీతో మాట్లాడుతుంది. ఆవిడ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా ఇదే చట్టం చెబుతుంది, 23వ సెక్షన్. ఈ మాట తండ్రికి చెప్పండి.

పాతబస్తీ · గురువారం రాత్రి 9:20

మేడమ్, హఫీజ్‌బాబానగర్ వైపు ఒక రోహింగ్యా అక్క ఉంది. ఉర్దూ బాగా వచ్చు, ఇదివరకు కాన్పుల కేసుల్లో ఆడవాళ్ళ వెంట ఆసుపత్రులకు పోయేది. బాలాపూర్ క్యాంపులో ఆమెకు చుట్టాలు లేరు, కొలంబస్ అక్క చెప్పినట్టు అది కూడా కనుక్కున్నాను. శనివారం వస్తానంది. ఆమె రోజు కూలి, ఆటో ఖర్చులు నేను చూసుకుంటాను. ఉస్మానియాకైతే అఫ్జల్‌గంజ్ బస్సు చాలు, ఓపీ చీటీకి పొద్దున తొందరగా చేరాలి. యూఎన్ కార్డు, నిద్ర బిళ్ళల అట్ట, బిడ్డ టీకాల కార్డు, లాయర్ గారు చెప్పిన ప్రింటు పెట్టుకోండి. కౌంటర్లో నేను నిలబడతాను, లోపలికి మీరు, అక్క మాత్రమే పోండి. తండ్రిని ఆ రోజు పనికి పోనివ్వండి, పిల్లాడికి బడి ఉంటే బడికి పంపండి.